ఊడిన రెక్సీను, తడిసిన తలుపు

మన ఇళ్ళల్లో ఏదైనా కొంచెం ఊడితే ముందు జిగురు సీసా వెతుకుతాం. చెప్పు అడుగు ఊడినా అంతే, పిల్లల పుస్తకం అట్ట ఊడినా అంతే. జిగురు పూసి, అదిమి, పైన ఒక బరువు పెట్టి ఆ సంగతి మరిచిపోతాం. పాత కారులో తలుపుల లోపలివైపు అంటించిన రెక్సీను ఊడినప్పుడు కూడా ఇదే చేస్తాం. నేనూ అదే చేశాను. దానివల్ల నాకు జరిగిన నష్టమేమిటో, సరిగ్గా చెయ్యాలంటే ఎట్లా చెయ్యాలో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

కారు పని మనకెందుకులే అనుకోకండి. ఇది ఇంజను పని కాదు. గుడ్డ, అట్ట, జిగురు - ఇంతే సరంజామా. దిండు గలీబు కుట్టడం వచ్చినవాళ్ళకు సగం పని వచ్చినట్టే.

మా ఇంట్లో ఉన్నది మారుతీ 800. ఆ రకం కార్లు 1983 డిసెంబరులో రోడ్డెక్కాయి. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. మాది మా మామగారు 1994లో కొన్నది. ఆయన పోయాక అమ్మేద్దామని మావారు రెండు మూడుసార్లు అన్నారు గాని అత్తయ్య ఒప్పుకోలేదు. "ఆయన పక్కన కూర్చోబెట్టుకుని తిప్పిన బండిరా అది. అది కదిలినన్నాళ్ళు నేను అందులోనే వస్తాను" అనేశారు. ఇప్పుడు ఆవిడ స్థలం వెనక సీట్లో ఎడమ పక్క. సరిగ్గా ఆ తలుపుకే రెక్సీను ఊడింది.

మొదట కిటికీ కింద అంచున బెత్తెడు మేర లేచింది. అత్తయ్య చెయ్యి ఆనేది అక్కడే గనుక నెల తిరక్కుండా జానెడయింది. చెక్క పనికి వాడే తెల్ల జిగురు ఇంట్లో ఉంటే, అది పూసి బట్టల క్లిప్పులు పెట్టాను. చక్కగా అంటుకుంది. రోహిణీ కార్తె రాగానే మళ్ళీ ఊడింది. మళ్ళీ పూశాను. వానలు పడ్డాక కారులో ఒక ముక్క వాసన మొదలైంది. "తడిబట్టలు మూట గట్టి పెట్టినట్టుందే" అనేవారు అత్తయ్య. ఆవిడకు ఆయాసం ఉంది. కారులో తిరిగి వచ్చిన రోజు రాత్రి దగ్గు ఎక్కువగా ఉండేది. నేను ఒక సెంటు సీసా కొని కారులో తగిలించాను గాని, తలుపు విప్పి చూడాలని నాకు తట్టలేదు.

చివరకు ఆ తలుపు కింది అంచున పెయింటు పొంగింది. గోటితో గీకితే పెచ్చు ఊడి వచ్చింది. అప్పుడు నేనూ, మా అబ్బాయీ కలిసి తలుపు లోపలి అట్ట విప్పాం. అట్ట నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. వెనకంతా నల్లగా బూజు. రేకు అడుగున వేలు పట్టే చిల్లు. జిగురుతో పోవలసిన పని టింకరింగు షెడ్డు దాకా వెళ్ళింది. రేకు అతుకుకీ, పెయింటుకీ డబ్బు పోసి వచ్చాం. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా నుదుటి మీద తడిగుడ్డ మార్చుకుంటూ కూర్చున్నట్టుంది నా వైద్యం.

అందుచేత నేను చెప్పే మొదటి మాట ఇది: రెక్సీను ఎందుకు ఊడిందో తెలిసేదాకా జిగురు డబ్బా మూత తియ్యకండి.

ఊడడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి ఎండ, రెండోది నీళ్ళు.

ఎండ సంగతి తెలియాలంటే రెక్సీను అంటే ఏమిటో కాస్త తెలియాలి. రెక్సీను అనేది అసలు ఒక సరుకు పేరు. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్ళో ఒక కంపెనీవారు బట్టమీద సెల్యులోజు నైట్రేటు పూత పూసి, తోలులాగా అచ్చులు వేసి ఆ పేరుతో అమ్మేవారు. ఆ పేరు మన నోళ్ళలో ఉండిపోయింది. ఇప్పుడు మనం రెక్సీను అనేది వినైలు, అంటే పి.వి.సి. ప్లాస్టిక్కు. నిజానికి పి.వి.సి. గట్టి సరుకు. నీళ్ళ పైపులు చేసేది దానితోనే. మెత్తగా వంగడానికి దానిలో నూనెవంటి పదార్థం కలుపుతారు. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం ప్రయత్నిస్తూ ఈ మెత్తని వినైలును కనిపెట్టాడు. జిగురు కోసం బయలుదేరినాయనకు దొరికిన వస్తువు ఇది. దానికి సరైన జిగురు కోసం ఇప్పుడు మనం బయలుదేరవలసి వచ్చింది!

బయట 40 డిగ్రీల ఎండ ఉంటే, తలుపులు మూసి నిలబెట్టిన కారు లోపల గాలి 60 డిగ్రీలు దాటవచ్చు. ఎండ తిన్నగా పడే చోట ఇంకా ఎక్కువ. ఆ వేడికి వినైలులోని నూనె కొద్దికొద్దిగా ఆవిరై పోతుంది. కారు ముందు అద్దానికి లోపలివైపు సన్నని జిడ్డు పొర పట్టడం మీరు చూసే ఉంటారు. అందులో ఈ నూనె కూడా ఉంటుంది. నూనె పోయినకొద్దీ రెక్సీను బిరుసెక్కి కుంచించుకుపోయి అంచులను లోపలికి లాగుతుంది. అదే నూనె వెనక్కి దిగి జిగురును కూడా మెత్తబరుస్తుంది. ఒకపక్క లాగుడు, ఇంకొకపక్క పట్టు సడలడం. ఇక ఊడక ఏం చేస్తుంది?

ఇక నీళ్ళు. తలుపులోకి వాననీరు రాదని మనం అనుకుంటాం. వస్తుంది. కిటికీ అద్దం వెంట జారిన నీరు రబ్బరు అంచు దాటి తలుపు డొల్లలోకి దిగుతూనే ఉంటుంది. ఆ నీరు పోవడానికే తలుపు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. లోపలి అట్ట తడవకుండా, రేకుకీ అట్టకీ మధ్య ఒక పాలిథిన్ కాగితం అంటించి ఉంటుంది. రంధ్రాలు మట్టితో పూడినా, కాగితం చిరిగినా నీళ్ళు అట్టకు పడతాయి. మా తలుపుకు అంతకు ముందెప్పుడో అద్దం బాగు చేయించినప్పుడు ఆ కాగితం తీసినవారు తిరిగి పెట్టలేదు. ఆ సంగతి మాకు విప్పినదాకా తెలియదు.

మీ కారులో ఏది కారణమో తెలుసుకోవడానికి బొటనవేలు చాలు. రెక్సీను లేచినచోట వెనక అట్టను నొక్కి చూడండి. అట్ట గట్టిగా, పొడిగా ఉండి, లాగితే రెక్సీను సులువుగా అంచుదాకా వస్తే, జిగురు ఒక్కటే చచ్చిందన్నమాట. అట్ట గట్టిగానే ఉండి, రెక్సీను మాత్రం అంచుకు అందకపోతే, అది కుంచించుకుపోయింది. అట్ట మెత్తగా దిగబడినా, వాసన వేసినా నీళ్ళు చేరాయి. ఈ మూడోదైతే పైపైన అంటించడం శుద్ధ దండగ. తలుపు విప్పి తీరాలి.

విప్పడమంటే భయపడనక్కర్లేదు. ముందు అద్దం పూర్తిగా పైకి ఎత్తండి. అద్దం తిప్పే హాండిలు ఏ దిక్కున ఉందో గుర్తు పెట్టుకోండి. మారుతీ 800 వంటి వాటిలో ఈ హాండిలు వెనక గుర్రపు నాడా ఆకారంలో ఒక తీగ క్లిప్పు ఉంటుంది. హాండిలుకీ, దాని కింద ప్లాస్టిక్ బిళ్ళకీ మధ్య సందులో ఒక పాత గుడ్డపేలిక దూర్చి, రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగండి. క్లిప్పు ఎగిరి బయటికి వస్తుంది. కంటికి తగలకుండా మొహం పక్కకు పెట్టుకోండి. అది పోతే హాండిలు నిలవదు, జాగ్రత్త సుమా! కొన్ని పాత కార్లలో క్లిప్పుకు బదులు హాండిలు మధ్య స్క్రూ ఉంటుంది. అదయితే ఇంకా సులువు.

చెయ్యి ఆనించుకునే పిడికీ, తలుపు తీసే గొళ్ళెం చుట్టూ ఉండే బిళ్ళకీ ఉన్న స్క్రూలు తీసి, వరసగా ఇడ్లీ ప్లేటు గుంటల్లో వేసుకోండి. ఏది ఎక్కడిదో తికమక ఉండదు. ఆ తరువాత అట్ట అంచు చుట్టూ లోపలివైపు నొక్కుడు క్లిప్పులుంటాయి. అట్ట మూల పట్టుకుని లాగితే చిరుగుతుంది. పలచని చెక్క అట్లకాడకు గుడ్డ చుట్టి, ఒక్కొక్క క్లిప్పు పక్కనే దూర్చి మెల్లిగా ఎత్తండి. రెండు మూడు క్లిప్పులు విరుగుతాయి. బెంగ లేదు. విరిగినది ఒకటి చేత్తో పట్టుకు వెళితే విడిభాగాల దుకాణంలో అటువంటివే ఇస్తారు.

అట్ట వచ్చాక తలుపు అడుగున రంధ్రాలను చీపురుపుల్లతో పొడిచి శుభ్రం చెయ్యండి. ఒక చెంబుడు నీళ్ళు బయటినుంచి అద్దం మీద పొయ్యండి. ఆ నీరు తలుపు కిందనుంచి ధారగా కారిపోవాలి. లోపల నిలిస్తే రంధ్రం ఇంకా పూడి ఉన్నట్టు. చిరిగిన కాగితం స్థానంలో దళసరి పాలిథిన్ కత్తిరించి, పాత నల్లబంక ఉంటే దానితోనే, లేకపోతే నీటికి ఊడని టేపుతో చుట్టూ అంటించండి. ఒక్కటి మాత్రం మరవకండి. ఆ కాగితం కింది అంచును తలుపు డొల్ల లోపలికి దోపాలి. ఇంటి కప్పు మీద పై పెంకు నీరు కింది పెంకు మీద పడేట్టు ఎట్లా పేరుస్తామో అట్లాగే, కాగితం మీద పడిన నీరు జారి మళ్ళీ డొల్లలోకే పోవాలి. అంచు బయటికి ఉందా, నీరంతా అట్ట మీదికే!

అట్ట కొంచెమే తడిసి ఉంటే నీడన ఆరబెట్టి, బల్లపరుపు చోట పైన బరువులు పెట్టి రెండు రోజులుంచితే సాపు అవుతుంది. ఉబ్బి పొరలు విడిపోయినదైతే పనికిరాదు. దానినే నమూనాగా పెట్టి 3 మిల్లీమీటర్ల హార్డుబోర్డు ముక్క మీద గీసి, వడ్రంగిచేత కోయించండి. రంధ్రాలు సరిగ్గా పాత చోట్లనే పడాలి. కొత్త ముక్క వెనక పక్కకూ, అంచులకూ ఆయిలు పెయింటుగాని వార్నీషుగాని రెండు పూతలు వేస్తే ఇకమీదట చెమ్మ పీల్చదు. రెక్సీను అంటించే ముందువైపు మాత్రం పూత వెయ్యకండి.

ఇప్పుడు జిగురు. నేను వాడిన తెల్ల జిగురులో తడి బయటికి పోతేనే అది గట్టిపడుతుంది. చెక్కలోకైతే తడి ఇంకుతుంది. వినైలు తడిని పీల్చదు, పోనివ్వదు. పట్టినట్టు కనిపించినా చెమ్మకీ, వేడికీ మెత్తబడుతుంది. చుక్క వేస్తే క్షణంలో పట్టే సీసా జిగురు కూడా దీనికి తగదు. అది గాజులా బిగుసుకుని, తలుపు ధడాలున వేసినప్పుడల్లా పెచ్చులు లేస్తుంది; రెక్సీను మీద తెల్లని మచ్చలు మిగులుస్తుంది. కావలసింది రెండు పక్కలా పూసి అంటించే రబ్బరు జిగురు. చెప్పులవాళ్ళూ, సీట్లు కుట్టేవాళ్ళూ వాడేది ఆ రకమే. ఎంత వేడికి తట్టుకుంటుందో డబ్బా మీద చూసి, ఎక్కువ వేడికి ఆగేదే కొనండి.

పూసేముందు పాత జిగురు పెచ్చులు మొండి చాకుతో గీకెయ్యాలి. రెక్సీను ముందువైపు సబ్బునీళ్ళ గుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, థిన్నరు పెట్టి తుడవకండి. అవి వినైలులో మిగిలిన నూనెను కూడా లాగేస్తాయి, రంగు కూడా పోతుంది. మెరుపు కోసం పూసే పాలిష్ అంచులకు గాని, వెనక్కి గాని అంటి ఉంటే జిగురు పట్టదు.

బిరుసెక్కిన రెక్సీనును కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రంతో దూరంనుంచి వేడిగాలి కొట్టినా సరే. చేతికి వెచ్చగా తగిలితే చాలు. ఇస్త్రీ పెట్టె మాత్రం తగలనివ్వకండి. మెత్తబడ్డాక నెమ్మదిగా లాగి అంచుకు అందుతుందేమో చూడండి. వేలెడు తేడా ఉంటే బలవంతం చెయ్యవద్దు. ఈరోజు అంటినా రేపు చిరుగుతుంది. ఆ అంచున అదే రంగు రెక్సీను పట్టీ వేసి కుట్టించుకోవడమో, మొత్తం కొత్త ముక్క వేసుకోవడమో మేలు.

జిగురు రెండు పక్కలా పలచగా, సమంగా పూయండి. ఒకచోట ముద్దగా, ఒకచోట పొడిగా ఉండకూడదు. వెంటనే అంటించకండి. పది పదిహేను నిముషాలాగి వేలి వెనకవైపుతో తాకితే వేలికి అంటకూడదు. అప్పుడే అదును. సరైన సమయం డబ్బా మీద రాసే ఉంటుంది. ఈ జిగురుతో చిక్కేమిటంటే, రెండు పక్కలూ ఒకసారి కలిశాయంటే ఇక జరపడానికి వీలుండదు. అందుకని మధ్య ఒక బటరు పేపరు పరిచి, రెక్సీనును సరిగ్గా చోటు చూసి పెట్టి, కాగితాన్ని కొంచెం కొంచెంగా లాగుతూ అదుముకుంటూ రండి. అప్పడాల కర్రతో మధ్యనుంచి అంచులకు తోస్తే బుడగలుండవు. అంచును అట్ట వెనక్కి మడిచేటప్పుడు మూలల్లో రెక్సీను గుట్టగా పోగవుతుంది. అక్కడ రవికె మెడకు పట్టీ తిప్పినప్పుడు చిన్న గాట్లు పెడతామే, అట్లాగే వెనకవైపు గాట్లు పెట్టి మడవండి. మా తలుపుకు ఈ మూలలు మడిచింది అత్తయ్యే. నలభై ఏళ్ళు రవికెలు కుట్టిన చెయ్యి గదా! బట్టల క్లిప్పులు పెట్టి ఒక రోజంతా వదిలెయ్యండి.

తిరిగి బిగించేటప్పుడు తీగ క్లిప్పును ముందు హాండిలుకే తొడిగి, ఆ తరువాత హాండిలును దాని చోట నొక్కితే 'టిక్కు' మని కూర్చుంటుంది.

ఇక నేను చేసిన రెండో పొరపాటు చెబుతాను. ఇది మొదటిదానికంటె ప్రమాదం. తలుపు అట్ట అయితే వరండాలో పెట్టుకుని అంటించాను గాని, తలుపుల మధ్య స్తంభానికి ఉన్న రెక్సీను కారులో కూర్చునే అంటించాలి. ఆరోజు గాలికి దుమ్ము లేస్తోందని నాలుగు తలుపులూ మూసుకుని పని మొదలుపెట్టాను. పది నిముషాలకు తల దిమ్మెక్కింది. ఇంకాసేపు చేద్దామనే ఉంది నాకు, లేవాలని తోచలేదు. అత్తయ్య కాఫీ తెచ్చి తలుపు తీసి, "ఏమిటే ఈ వాసన! ముందు బయటికి రా" అని చెయ్యి పట్టి లాగారు. గట్టు మీద కూర్చున్నాక గాని నా కాళ్ళు తేలిపోతున్న సంగతి నాకు తెలియలేదు.

ఈ జిగుళ్ళలో చాలావాటిలో టోలీను వంటి ద్రవాలుంటాయి. వాటి ఆవిరి తలకెక్కుతుంది, ఇట్టే అంటుకుంటుంది. గాలికంటె బరువు గనుక కారు అడుగున పేరుకుంటుంది. కాబట్టి నాలుగు తలుపులూ బార్లా తీసి, గాలి ఆడే చోటే పని చెయ్యండి. దగ్గర్లో పొయ్యి, దోమల చుట్ట, దీపం, బీడీ ఏవీ ఉండకూడదు. మరునాటిదాకా ఆ కారులో పిల్లలనూ, ఆయాసం ఉన్నవాళ్ళనూ ఎక్కించకండి. డబ్బా మూత బిగించి పిల్లలకు అందని చోట పెట్టండి. ఆ వాసన పీల్చడం మరిగి చెడిపోయే పిల్లలున్నారు. అది ప్రాణానికే ముప్పు.

పైకప్పు లోపలి గుడ్డ గురించి ఒక మాట. చాలా పాత కార్లలో అది రేకుకు అంటించి ఉండదు. అడ్డంగా పెట్టిన సన్నని కమ్మీలకు వేలాడుతుంది. అంచులు మాత్రమే అంటిస్తారు. కాబట్టి మధ్యలో జిగురు పూసి రేకుకు అదమాలని చూడకండి. అంచు ఊడితే రబ్బరు బీడింగు కొంచెం తీసి, అక్కడే అంటించుకుని బీడింగు తిరిగి నొక్కండి.

నేను చెప్పిందంతా హాండిలుతో అద్దం తిప్పే పాత కార్లకే. కొత్త కార్లలో తలుపుల్లో కరెంటు తీగలుంటాయి. కొన్నిటిలో స్తంభాల్లోనూ, కప్పు అంచుల్లోనూ గాలిసంచులుంటాయి. ప్రమాదంలో ప్రాణం కాపాడే ఆ సంచులు తెరుచుకునే దారిలో మన జిగురు ఉండకూడదు. అటువంటి పని తెలిసినవారికే వదలండి.

మా తలుపుకు జిగురు, హార్డుబోర్డు, క్లిప్పులు, పాలిథిన్ అన్నీ కలిసి వెయ్యి రూపాయలు దాటలేదు. రేకు అతుకుకి మాత్రం దానికి చాలా రెట్లయింది. నేను మొదటి వేసవిలోనే తలుపు విప్పి ఉంటే ఆ డబ్బు మిగిలేది. డబ్బు పోతే పోయింది, అత్తయ్య ఒక వర్షాకాలమంతా ఆ బూజు పక్కన కూర్చుని తిరిగారు. అదే నాకు ఇప్పటికీ బాధ. ఇప్పుడు కారులో వాసన లేదు. ఆవిడ ఎప్పటిలాగే ఆ తలుపు మీద చెయ్యి ఆనించి కూర్చుంటున్నారు.

మీ ఇంట్లో పాత కారుంటే, వానలు రాకముందే ఒకరోజు తీరిక చేసుకుని ప్రతి తలుపు అద్దం మీదా ఒక చెంబుడు నీళ్ళు పొయ్యండి. వంగి కిందికి చూడండి. నీళ్ళు కారాయా సరే. కారకపోతే, రెక్సీను ఇంకా ఊడకపోయినా సరే, ఆ తలుపు అడుగు రంధ్రాల్లో చీపురుపుల్ల పెట్టవలసిన రోజు అదే.